మెసేజ్ దానంతటదే పోతుంది

వరంగల్‌లో మాది చిన్న మ్యాచింగ్ సెంటర్. జాకెట్ గుడ్డలు, లైనింగులు, ఫాల్స్, లోపల రెండు కుట్టు మిషన్లు. మా పన్ను లెక్కలు చూసే ఆడిటర్ ఎప్పటినుంచో నా చెవిలో జోరీగలా పోరుతున్నాడు. "అక్కా, చేతిరాత బిల్లులతోని ఇగ నడువది. సాఫ్ట్‌వేర్ పెట్టాలె" అని.

ముగ్గురు వచ్చి చూపించిపోయారు. మొదటిది అంతా ఇంగ్లిషు. మీద మెరుగులే తప్ప కుట్టుకూలి ఎక్కడ రాయాలో దానికే తెలియదు. రెండోది నెట్ లేకపోతే నడవదు. మా గల్లీలో నాలుగు చినుకులు పడితే ముందు పోయేది నెట్టే. మూడోది తెలుగులో ఉంది. పైగా జాకెట్ తయారైనా, అడ్వాన్సు ఉన్నా మెసేజ్ దానంతటదే పోతుందట. కుట్టినవి తీసుకుపొమ్మని ఫోన్లు చేసి చేసి నా నోరు పడిపోయింది. ఆ ఫోన్లెత్తేది మొగుళ్ళు, ఇంట్లో చెప్పడం మరిచేదీ వాళ్ళే. అందుకే మూడోదే కావాలన్నాను. బేరమాడి ధర కూడా తగ్గించాను. అప్పుడు ఎంత మురిసిపోయానో తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మా దుకాణానికి ఆడవాళ్ళు గుడ్డల కోసమే రారు. కూలి డబ్బులో కొంత తెచ్చి, "అక్కా, నీ దగ్గర ఉండనియ్యి" అని నా చేతిలో పెట్టిపోతారు. ఇంట్లో చెప్పరు. ఎవరి పేరు వారి కవరు మీద రాసి గల్లాపెట్టె అడుగున ఉంచుతాను. కాగితం లేదు, సాక్షి లేదు, నమ్మకమే.

వాళ్ళలో ఒకామె మిర్చి యార్డులో తొడిమెలు తీస్తుంది. ఎప్పుడొచ్చినా చేతులు భగభగ మండుతుంటాయి, ముందు సబ్బడుగుతుంది. భర్త ఆటో నడుపుతాడు. తాగడు, అరవడు, మెల్లగా మాట్లాడతాడు. ఆ మెల్లని మనిషంటే ఆమెకు ఎందుకంత భయమో, జాకెట్ కొలతలకు వీపు చూసిన నాకు తెలుసు. ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"ములుగుల మా అక్క ఉన్నది. జర పైసలు జమైతే బిడ్డను తోల్కొని పోత. ఆయనకు తెలిస్తె మాత్రం నన్ను బతకనియ్యడు అక్కా" అంది.

అప్పటినుంచి ఆ కవరు లావెక్కుతుంటే నాకు సంతోషంగా ఉండేది.

సాఫ్ట్‌వేర్ పెట్టడానికి వచ్చినతను గల్లాలో ఉన్న ప్రతి రూపాయీ కంప్యూటర్‌లో కనబడాలన్నాడు. "లేకుంటే పొద్దుమీకి గల్లా మూసేటప్పుడు లెక్క కలువదు. ఈ కవర్లన్ని అడ్వాన్సుల కింద ఎక్కిద్దాం." సరేనని పేర్లు చెప్పాను. నంబర్లు పాత జాకెట్ చీటీల నుంచి తీసుకున్నాడు. మా దగ్గర ఆడవాళ్ళను నంబరు అడిగితే మొగుడి నంబరే చెబుతారు. గ్యాసుకైనా, రేషనుకైనా, జాకెట్ చీటీకైనా అదే. నాకది తెలియనిదేం కాదు. ఆ క్షణాన తట్టలేదు, అంతే.

మర్నాడు మధ్యాహ్నం దుకాణం ముందు ఆటో ఆగింది. ఆ మిర్చి యార్డు ఆమె భర్త చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి ఫోను చూపించాడు.

"అక్కా, మంచిగున్నవా? మీ దగ్గర నాది అడ్వాన్సున్నదట. నేనేమన్న జాకెట్లు కుట్టిచ్చుకుంటాన్ననా?" అని నవ్వాడు.

"కొత్త సాఫ్ట్‌వేర్ తమ్మీ, తప్పు చూపెడ్తాంది" అన్నాను.

"తప్పయితే తీసెయ్యి మరి. నేనుండంగనే తీసెయ్యి."

తీసేశాను. మీట నొక్కగానే అతని చేతిలో ఫోను మోగింది. నింపాదిగా చదివి వినిపించాడు. "మీ అడ్వాన్సు మీకు తిరిగి చెల్లించాము. మళ్ళీ రండి."

తల ఎత్తి నా వైపు చూశాడు. "నాకైతే ఇయ్యలేదక్కా. ఎవలకిచ్చిన్రు?"

నేను గల్లాపెట్టె మూసి తాళం వేశాను.

"ఫికర్ చెయ్యకు. ఇంటిదాన్నే అడుగుత" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

కవరు సంచిలో వేసుకుని, షట్టర్ దించి, దొరికిన ఆటో ఎక్కి యార్డుకు పోయాను. షెడ్డులో ఆడవాళ్ళు మిర్చి కుప్పల చుట్టూ కూర్చున్నారు. ఆమె లేదు. ఆమె గంప సగమే నిండి ఉంది.

"ఇప్పుడే పాయె" అంది పక్కనున్నామె. "ఆయనే అచ్చి ఆటోల ఎక్కిచ్చుకపోయిండు. ఎంత మంచిగ మాట్లాడిండో అక్కా!"

వాళ్ళింటికి వెళ్తే తాళం. బిడ్డను కూడా బడి నుంచి మధ్యలోనే తీసుకుపోయాడట. ఠాణాకు పోతే, "మొగడు పెండ్లాలు ఊరికి పోతే కేసేందమ్మా?" అన్నారు. నేను చెప్పిందంతా వాళ్ళకు సాఫ్ట్‌వేర్ గొడవలాగే వినిపించింది.

కొన్నాళ్ళకు ములుగు నుంచి ఆమె అక్క నన్ను వెతుక్కుంటూ వచ్చింది. చెల్లెలు అక్కడికీ చేరలేదు. నాకు ఏడుపొచ్చింది. కవరు తీసి ఆమె చేతిలో పెట్టబోయాను. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నాకెందుకిస్తానవు? దాన్ని రానియ్యి, దానికే ఇద్దువు" అంది.