కల్లాల మిట్ట మీద నా సంతకం

నాకు నోరెక్కువ. వార్డు మెంబరుగా గెలిచింది కూడా ఆ నోటితోనే అనేది మా అత్త. మాది అయిజ దగ్గర మెట్ట ఊరు. రెండువేల దశకం నడిమిలో గాలిమరల కంపెనీ వాళ్లు వచ్చినప్పుడు అందరికంటే ముందు సరేనన్నది నేనే. మొదట గాలిని కొలిచే పొడుగాటి ఇనుప స్తంభం పాతుతారట, గాలి చాలితే తర్వాత మరలు. దానికి బంచరాయి, అంటే ఊరి పశువులు మేసే ప్రభుత్వ భూమి, కావాలి. అది ఇవ్వాలంటే పంచాయతీ తీర్మానం ఉండాలి.

సభలో కొందరు అడ్డం పడ్డారు. "గాలిమరలు తిరిగితే మొగులు ఎగిరిపోతదంట, వానలు పడవంట," అన్నాడొకాయన.

నాకు ఒళ్లు మండింది. "నీ ఇంట్ల ఫ్యాను తిరుగుతలేదా? నువ్వెటన్న ఎగిరిపోయినవా?" అన్నాను. సభ ఘొల్లున నవ్వింది. ఆయన తల దించుకున్నాడు. నేను మొదటి సంతకం పెట్టాను.

ఇంటికొస్తే మామ ఒక్కటే అడిగాడు. "యాడ పెడ్తరంట?"

"బంచరాయిలనే మామా. సర్వే నంబరు రాసిండ్రు."

మా ఊళ్లో చెలకలకు పేర్లే గానీ నంబర్లు ఎవరికి తెలుసు? నాకూ తెలియదు. తెలియదని ఒప్పుకునే గుణమూ లేదు.

వారం తిరగకుండానే కంపెనీ వాళ్లు సున్నం గీతలు గీశారు. ఎక్కడ? కల్లాల మిట్ట మీద! ఊరంతా కందులు, జొన్నలు నూర్చి తూర్పారబట్టుకునే చోటు అదొక్కటే. కాగితాల్లో అది ఖాళీ బంచరాయి. స్తంభానికి చుట్టూ తీగలు లాగి కంచె వేస్తే చాట పట్టే జాగా కూడా మిగలదు. మామకు ఆ మిట్టే ప్రాణం. పిడికెడు పొట్టు వదిలి, గాలి ఏ పక్కనుంచి వస్తుందో చెప్పే మనిషి ఆయన.

ఆ రోజునుంచి నాతో మాట్లాడలేదు. నేను వింటుండగా అత్తతో మాత్రం అన్నాడు. "నీ కోడలికి కల్లం కనవడలే, నంబరే కనవడ్డదంట."

మర్నాడే బస్సెక్కి గద్వాల ఆఫీసుకు పోయాను. అక్కడ గుమాస్తా ఫైలు చూసి, "తీర్మానం మీరే చేసిండ్రు గదమ్మా. మార్చాల్నంటే మళ్ల మీరే తీర్మానం చేసి తేవాలె," అన్నాడు. నాలుగు మాటలన్నాను, ఆఫీసరు గదిలోకీ పోయి అరిచాను. ఇద్దరిదీ ఒకటే జవాబు.

మళ్లీ సభ. అందరి ముందు నిలబడి, "తప్పు నాది. జాగ చూడకుంట సంతకం పెట్టిన," అన్నాను.

మబ్బులు ఎగిరిపోతాయన్న ఆయన ఊరుకుంటాడా? "ఇప్పుడు ఎవరింట్ల ఫ్యాను తిరుగుతుందక్కా?" అన్నాడు. మళ్లీ అదే నవ్వు. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా కూర్చోలేదు. "స్తంభం వద్దంటలేను. కల్లం ఇడిచిపెట్టి, ఎన్క రాళ్ల బోడు గుట్ట మీద పెట్టుండ్రి."

కంపెనీ ఇంజనీరు నసిగాడు. "అక్కడ గాలి ఉంటుందో లేదో..."

అప్పుడు లేచాడు మామ. "గాలి సంగతి నన్నడుగు సారూ. కల్లం కాడ వచ్చేది పొట్టు ఎగిరేటంత గాలి. బోడు మీద నెత్తిన రుమాలు నిలవదు. పా, సూపెడ్త."

ఇంజనీరును వెంటబెట్టుకుని పోయాడు. వాళ్లు దిగివచ్చేసరికి ఇంజనీరు జుట్టంతా రేగి ఉంది. కొత్త తీర్మానం రాశాం. ఈసారి నంబరు పక్కన చోటు పేరు కూడా రాయించాను. అందరూ పెట్టాక చివర్న సంతకం పెట్టాను. స్తంభం బోడు మీద లేచింది. మామ మాత్రం నాతో మాట్లాడలేదు.

మాఘంలో కందులు నూర్చాం. మా ఇంట్లో ఎత్తుపీట ఎక్కి చాట పట్టేది మగవాళ్లే, ఆడవాళ్లం కింద నిలబడి గంపలు అందించేవాళ్లం. నేను గంప ఎత్తాను. మామ పీట దిగి, చాట నా చేతికిచ్చాడు.

"ఎక్కు బిడ్డా."

"నాకొస్తదా మామా?"

"ఆఫీసరుతోని కొట్లాడనీకి వచ్చె గద."

ఎక్కాను. ఆయన కింద నిలబడి గంప అందించాడు. వెంటనే చాట పైకెత్తాను.

"ఆగు," అన్నాడు మామ. "సంతకం పెట్టినట్టు తొందరపడకు. గాలి రానీ."

ఆగాను.