గొడుగు దున్నపోతు వెనకపక్క

నేను కథ రాసి, బొమ్మలు కూడా వేసిన మొదటి పిల్లల పుస్తకం నంద్యాలలో మా ఇంటికి పార్సిల్లో వచ్చింది. కట్ట విప్పాక అన్నం మాటే మరిచిపోయాను. ఒక కాపీ సంచిలో వేసుకుని ఆళ్లగడ్డ బస్సెక్కేశాను.

అక్కడ మా నాయన ఉంటాడు. గుళ్లకు దేవుళ్ల విగ్రహాలు చెక్కే శిల్పి. రాతిమీద ఆయన గీసే గీతలు చూసే నాకు బొమ్మల పిచ్చి పట్టింది. కానీ నా బొమ్మల గురించి ఆయన ఏనాడూ మంచీ చెడూ అనలేదు.

బస్సులో పక్కసీటావిడ, "ఏందమ్మా, పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నావ్ ఆ సంచిని?" అంది. పుస్తకం తీసి చూపించాను. నీళ్లంటే భయపడే దున్నపోతు కథ అది. చినుకు పడితే చాలు, గొడుగు తెరుస్తుంది. ఆవిడ పడీపడీ నవ్వింది. నా మొదటి పాఠకురాలు ఆమే!

షెడ్డులో రాయి చెక్కుతున్న నాయన చేతుల దుమ్ము తుడుచుకుని, పుస్తకం అందుకుని పేజీలన్నీ తిప్పాడు. మళ్లీ మొదటికి వచ్చాడు.

"దీని ఎనకపక్క యాడమ్మా?"

"ఎనకపక్కేంది నాయనా?"

"అన్నిట్లో ముందరపక్కే ఏసినావ్. తోక ఎట్లుంటాది? గొడుగు ముయ్యాలంటే యాడ పెట్టుకుంటాది?"

"ఇప్పుడవన్నీ ఎందుకు?"

"రాయికి నాలుగు పక్కలుంటాయి గదా. తెలీకుండా ఎట్ల చెక్కేది?"

"చెక్కుతావా!" అని అరిచేశాను. పక్క షెడ్డులో ఉలుల చప్పుడు ఆగిపోయింది.

అక్కడే నేలమీద చతికిలబడి, బొగ్గుముక్కతో అట్టపెట్టె మీద గీశాను. తోక తడవకుండా దానికి ముడి వేశాను. తెరిచిన గొడుగు పెడితే ఆయన తల అడ్డంగా ఊపాడు.

"కాడ సన్నం. రాతిలో ఇరిగిపోతాది. మూసి ఈపున పడుకోబెట్టు."

ఆ తర్వాత ఆదివారం వస్తే చాలు, నేను ఆళ్లగడ్డలోనే. వెళ్లిన ప్రతిసారీ రాతిలోంచి కొంచెం దున్నపోతు బయటికొచ్చి ఉండేది. ఒకసారి కొమ్ములు, ఒకసారి ముడేసిన తోక. ఒకరోజు ఆయనే ఫోన్ చేశాడు.

"బేగా రా. కండ్లు తెరుస్తాండా."

దేవుడి విగ్రహానికైనా కళ్లు తెరవడమే చివరి పని. నేను వెళ్లేసరికి ఒక కన్ను తెరిచి ఉంది. నాయన ఉలి నా చేతికిచ్చాడు.

"రెండోది నువ్వు తెరువు. నీ బిడ్డ గదా."

ఉలి మొనను రాతికి ఆనించాను. ఆయన నా వేళ్లమీద చెయ్యి వేసి పట్టుకున్నాడు. చిన్న దెబ్బ, ఇంకో చిన్న దెబ్బ. దున్నపోతు నన్ను చూసింది! కొంచెం మెల్లకన్నుతో చూసింది. సరిచేస్తానంటే నాయన ఒప్పుకోలేదు.

దాన్ని నాయన ఉండే వీధిలోని బడికే ఇచ్చాం. దింపిన రోజు నేను కథ చదవడానికి సిద్ధమై వెళ్లాను. వినేదెవరు? పిల్లలంతా దున్నపోతు మీదే ఉన్నారు. ఒక పాప దాని మెడ చుట్టూ చేతులేసి, "భయపడాకు, వాన రాదులే" అని చెవిలో చెబుతోంది. నాయన మెట్టుమీద కూర్చుని పుస్తకం తెరిచి, దున్నపోతు మీద చోటు దొరకని ఇద్దరు ముగ్గురిని పక్కన కూర్చోబెట్టుకుని గట్టిగా చదివి వినిపిస్తున్నాడు.