మినుము చేలో కుర్చీలు

మా ఇంట్లో పేరు పెట్టి పిలిచేది పాలేళ్ళనే. అందుకే, నెదర్లాండ్స్ నుంచి మా విత్తనాల కంపెనీకి మేనేజరుగా వచ్చిన పెద్దమనిషి మొదటి రోజే తనను పేరు పెట్టి పిలవమంటే, ఏ తప్పు చేశాడని ఈ శిక్ష కోరుకుంటున్నాడో నాకు అర్థం కాలేదు. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర మా ఆఫీసంతా రెండు రోజులు ఆలోచించి, ఆ పేరుకు ‘గారు’ తగిలించి, చివర ‘సర్’ కూడా చేర్చింది. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

ఆయన తనకు వేరే గది వద్దన్నాడు. టీ తానే పెట్టుకునేవాడు, కప్పు తానే కడుక్కునేవాడు. కడుగుతున్నంతసేపూ మేమంతా మర్యాదగా లేచి నిలబడేవాళ్ళం. మా కప్పులు మాత్రం ఆయాయే కడిగేది.

ఆఫీసు వ్యవహారాలు చూసేది నేను. మా తాతగారికి కంకిపాడు చుట్టుపక్కల పొలాలు, ఒక రైసు మిల్లు ఉండేవి. నాకు జీతం ఉంది. ఆ మిల్లు కొనేనాడే దాని బాయిలరు పనికిరాదని మా గుమాస్తాకు తెలుసట. తాతగారికి ఎదురు చెప్పలేక ఊరుకున్నాడు. మిల్లు పోయింది, దాని వెనకే పొలం పోయింది, ఎదురు చెప్పినవాడు మాత్రం చివరిదాకా లేడు. మా ఇంట్లో ఈ సంగతి ఇప్పటికీ గొప్పగానే చెప్పుకుంటారు.

కిందటేడు సంక్రాంతి దాటాక, మా టమాటా, మిరప రకాలు చూపించడానికి కంకిపాడు దగ్గర రైతులను పిలుద్దామనుకున్నారు. మొక్కలున్నది మెరక చేలో. దాని పక్కన ఈమధ్యే వరి కోసిన చేను. మీటింగులో మేనేజరు ఫోనులో దాని ఫొటో చూపించి, "ఇది ఖాళీగానే ఉంది, షామియానా ఇక్కడ వేద్దాం, యజమాని ఒప్పుకున్నాడు. ఎవరికైనా అభ్యంతరమా?" అన్నాడు.

అది ఖాళీ చేను కాదు. మా వైపు వరి కోతకు రెండు మూడు రోజుల ముందే మినుములు చల్లేస్తారు. కోత అయ్యాక దూరం నుంచి చూస్తే మోళ్ళే కనిపిస్తాయి, వంగి చూస్తే మొక్క కనిపిస్తుంది. యజమాని పట్నంలో ఉండే డాక్టరు, ఆయన వంగి చూడడు. సాగు చేసేది కౌలుదారు. వరి కౌలుకే సరిపోతుంది, అతనికి మిగిలేది ఆ మినుమే. ఆ చేను ఒకప్పుడు మాది, అతని తండ్రి మా పాలేరు. అంచేత ఇదంతా అక్కడున్న అందరికంటే నాకే బాగా తెలుసు.

అభ్యంతరమా అని పైవాడు అడిగాడంటే నిర్ణయం అయిపోయిందని మాకు అర్థం. అయినా ఊరుకోకూడదని, "అక్కడ ఎండ ఎక్కువేమో సర్" అన్నాను. మా వాళ్ళెవరికైనా ఆ మాట చాలు, ఇందులో ఏదో ఉందని విడిగా పిలిచి అడుగుతారు. ఆయన ఎండ గురించి చెబితే ఎండ గురించే వినే మనిషి. "జనవరి ఎండ మంచిదే" అన్నాడు.

బయటికొచ్చాక మా ఫీల్డ్ ఆఫీసరు, ఉయ్యూరు అమ్మాయి, నన్ను ఆపింది. "అది మినుము చేనండీ. చెప్పకపోయారా?"

"నువ్వు చెప్పకపోయావా అమ్మా?"

"మీరు పెద్దవారుండగా నేనేం మాట్లాడతానండీ."

"ఆయన నాకు పెద్ద."

"అయితే ఇంక మినుముకి పెద్దదిక్కు ఎవరూ లేరన్నమాట" అంది.

రైతులను పిలిచిన రోజు పొద్దున్నే షామియానా వ్యాను చేలోకి దిగింది. నేను గట్టు మీద నిలబడ్డాను. కౌలుదారు వచ్చాడు. చేను చూశాడు, నన్ను చూశాడు. "బాబుగారూ, దండాలండీ" అని, తలగుడ్డ బిగించి, తన మినుము మీదే కుర్చీలు దింపడానికి సాయం పట్టాడు.

సగం కుర్చీలు వేశాక మేనేజరు వచ్చాడు. ఊడిన బూటు తాడు కట్టుకోవడానికి వంగి, అలాగే ఉండిపోయాడు. "ఇదేమిటి?"

"మినుము" అన్నాను.

"ఎవరిది?"

కుర్చీలు మోస్తున్నవాణ్ణి చూపించాను.

"మరి ఒక్క మాట అనలేదేం? అడగండి."

అడిగాను. కౌలుదారు నా వైపు కాకుండా ఆయన వైపు చూసి చెప్పాడు. "నేనేం అంటానండీ. బాబుగారు గట్టు మీదే నిలబడి చూత్తన్నారు గదా. ఆయనకి తెలీకనా? ఆయనే ఊరుకున్నాక ఇంక నేనెవర్ని."

దాన్ని ఇంగ్లీషులో చెప్పాల్సింది నేనే. ఫర్వాలేదంటున్నాడు అని చెప్పవచ్చు, కాదనేవాడు అక్కడ లేడు. మా తాతగారి చుట్టూ కూడా అలాంటివాడు లేడు. కౌలుదారు చెప్పిందంతా చెప్పాను, ఆయనే ఊరుకున్నాక అన్న మాటతో సహా.

కేకలేస్తాడనుకున్నాను. కేకలు నాకు అలవాటైన భాష. ఆయన చొక్కా చేతులు మడిచి, నాలుగు కుర్చీలు ఒకదానిలో ఒకటి దూర్చి ఎత్తుకుని, మొక్కలు చూసుకుంటూ గట్టు వైపు నడిచాడు. చేను మధ్య భాగం అప్పటికే నలిగిపోయింది. చుట్టూ ఉన్నది ఇంకా నిలబడే ఉంది.

నేనూ గట్టు దిగి ఒక కుర్చీ ఎత్తాను. మా వంశంలో ఎవరైనా కుర్చీ మోయడం బహుశా అదే మొదలు.

"వదలండి బాబుగారూ, మీరు మోయడమేంటండీ" అని కౌలుదారు పరుగున వచ్చి రెండో వైపు పట్టుకున్నాడు.

"నువ్వు వదులు" అన్నాను.

వదల్లేదు. అతను నా మాట కాదనడం అదే మొదటిసారి. నేనూ వదల్లేదు. ఒక్క చేత్తో ఎత్తగలిగే ప్లాస్టిక్ కుర్చీని ఇద్దరం చెరోవైపు పట్టుకుని, మినుము తొక్కకుండా పక్కడుగులు వేసుకుంటూ గట్టుదాకా మోశాం.