ఒక్కరిదే అభ్యంతరం

2024. మూలపేటలో పోర్టు పనులు జోరుగా సాగుతున్న రోజులు. అక్కడికి దూరంగా, ఉద్దానం తీరంలోని ఒక మత్స్యకార గ్రామం దగ్గర వేరే కంపెనీ చమురు ఎగుమతి టెర్మినల్ కడతానంది. ఒడ్డున ట్యాంకులు, సముద్రం అడుగున పైపు, ఆ చివర నీటిపై తేలుతూ, ఓడలకు చమురు నింపే బోయ్. దానికి కంపెనీ తరఫున ఈఐఏ రిపోర్టు, అంటే గాలికీ నీటికీ మనుషులకూ వచ్చే ముప్పుల అంచనా, రాసిన బృందంలో నేనూ ఉన్నాను. మాదీ ఆ జిల్లాలోనే, నిమ్మాడ. రైతుల ఇంట పుట్టినదాన్ని, నా నోరు ఊరుకోదు.

రిపోర్టు అయ్యాక పబ్లిక్ హియరింగ్ పెట్టాలి. ఊరివాళ్లు చెప్పినదంతా వీడియో తీసి, రాసి, పైకి పంపుతారు. ఆ రోజు షామియానా కింద ఊరు ఊరంతా కూర్చుంది. కులపెద్ద సింహాచలం లేచి మైకు పట్టుకున్నాడు.

“నూనె ఒలికితే మా వలలు ఏటికి పనికొత్తాయి బాబూ? జీడితోటల కింద నీరు పాడైపోతే, కిడ్నీల జబ్బుతో ఉన్నోళ్లు ఏటి తాగుతారు? మాకొద్దు.”

ఎంత బాగా చెప్పాడో! “ఇంకెవరైనా?” అని అధికారి అడిగారు. ఎవరూ కదల్లేదు. పెద్ద మాట్లాడాక మరొకరు లేవడం ఆ ఊళ్లో మర్యాద కాదు. వేటకు పోవాలన్నా మానాలన్నా ఆయన మాటే అందరి మాట. పైనున్నవాళ్లకు ఆ కట్టుబాటు ఎక్కడ తెలుస్తుంది? ఒక్కరిదే అభ్యంతరం అని చదువుకుని సంతకం పెట్టేస్తారు. లేచి నిలబడ్డాను.

“మనకెందుకమ్మా? కూర్చో” అని మా బృందాన్ని నడిపే సార్ గొణిగాడు. ఒళ్లు మండింది. వెళ్లి సింహాచలం పక్కన చతికిలబడ్డాను.

“పెద్దయ్యా, ఎవరి మాట ఆళ్లు సెప్పకపోతే, ఊరంతట్లో ఒక్క మనిషే వద్దన్నాడని రాసుకుంటారు” అన్నాను.

ఆయన కళ్లెర్రజేశాడు. “కంపెనీ మనిషివి. ఊరిని ఇడగొట్టడానికొచ్చినావేటి? తలో మాటా అనీసినాక రేపు అందరం కలిసి ఒక్క వల ఎలా లాగుతాం?”

ఆ భయం నిజమైనదే. అయినా వేదిక వైపు చూపించాను. వేదిక మీద అధికారి కాగితాలు సర్దుకుంటున్నారు. సింహాచలం ఆ కాగితాల వైపూ జనం వైపూ చూసి లేచాడు.

“ఆగండి బాబూ. ఒరే, ఎవరింటి మాట ఆళ్లు సెప్పండి.”

మొట్టమొదట లేచింది ఆయన కోడలే. “మా ఆయన గుజరాత్ బోట్ల మీద ఉన్నాడు. కంపెనీవోళ్లు ఇక్కడే పనిత్తామంటే నాకు కావాల” అంది.

“ఓలమ్మో!” అని ఎవరో అరిచారు. కుర్రాళ్లు ఆమె మీదికి దూసుకొచ్చారు. అయిపోయింది, ఊరు చీలిపోయింది అనుకున్నాను. సింహాచలం ముఖం నల్లబడింది. అయినా చెయ్యి అడ్డుపెట్టి వాళ్లను ఆపాడు.

“ఎనక్కెల్లండ్రా. దాని మొగుడు నా కొడుకే. ఆడు ఇంటికి రావాలని నాకు మాత్రం నేదా? రాసుకోండి బాబూ, అదీ మా ఊరి మాటే.”

అప్పుడు కదిలారు అందరూ. చేపలమ్మే ఆడవాళ్లు, జీడి రైతులు, ఒకరి తరువాత ఒకరు. వద్దన్నవాళ్లే ఎక్కువ. సాయంత్రం దాకా మైకు ఖాళీ కాలేదు.

ఆ ఫైలు ఇంకా ఢిల్లీలోనే నలుగుతోంది. మా సార్ మళ్లీ నన్ను ఏ సర్వేకీ పిలవలేదు, పోతే పోనీ. ఒలికిన చమురు ఎంత దూరం పాకుతుందో లెక్కగట్టడం నాకు ముందే వచ్చు. కానీ చుక్క చమురు రాకముందే ప్రాజెక్టు ఇళ్లలోకి దిగుతుందని, మామకూ కోడలికీ మధ్య వచ్చి కూర్చుంటుందని ఆ రోజే తెలిసింది. ఇప్పుడు ముప్పుల గురించి రాయమంటే, అక్కడినుంచే మొదలుపెడతాను.