గట్టు మీది గునుగు

నిన్న సాయంత్రం దాక ఎవరికీ చెప్పని మాట ఒకటి ఉన్నది. మూడేండ్ల కింద మా అవ్వ కూరకని గునుగాకు తెంపిన గట్టు మీద, ఆ పొద్దున్నే గడ్డి మందు కొట్టిన్రని నాకు తెలుసు. డైరీలో కూడ రాసుకున్న. నోటితో మాత్రం చెప్పలేదు.

నిన్న మొయినాబాద్‌లో నేను పాఠాలు చెప్పే బడి అయిపోయినంక బస్సెక్కి, మా చిన్న మంగళారంలో దిగి నడుస్తున్న. మా చేను పక్కనున్న ఫామ్‌హౌస్ గేటు ముందట కుండీలు వరుసగా పేరుస్తున్నరు. వాటిలో గులాబి రంగు కంకులు. ఆకు అదే, కంకి అదే, కాకపోతే జర పొట్టిగ, తల దువ్వి తయారుచేసినట్టు ఉన్నది. నేను కొత్తవాళ్లతో మాట్లాడుడే తక్కువ, అయినా అడిగిన: "ఇది గునుగు కదా అన్నా?" అక్కడి మేనేజర్ నవ్విండు. "గునుగు కాదు మేడం, సెలోషియా. నర్సరీ నుంచి తెప్పించినం. మా సారుకు పూలంటే పాణం." పాణమట! ఈ పూలనే మా గట్టు మీద పూత రాకముందే చంపించింది ఈయనే. ఆయనకు గుర్తు కూడ లేదు. నాకు ఒళ్లంత మండిపోయింది.

మా అవ్వకు, అంటే బాపు తల్లికి, గునుగుతో ఉన్న సంబంధం ఆడబిడ్డతో ఉన్నట్టు ఉండేది. తిట్టకుండ ఉండదు, లేకుంటే తోచదు. జొన్నచేనులో కనబడితే చాలు, "నీకు గత్తర రాను, మల్ల మొలిచినవా" అనుకుంట వేరుతో సహ పీకేది. కంకి గింజ పట్టకముందే పీకాలని, ఒక్క కంకి రాలినా ఆవాల కంటె సన్నటి ఆ నల్లగింజలు వచ్చే ఏడు చేనంత లేస్తయని ఆమె లెక్క. పీకినవాటిని తడినేల మీద విడిస్తే మల్ల వేరు పట్టుకుంటయని మోపు కట్టి బర్రెకు వేసేది. గట్టు మీద మాత్రం ఒక్క మొక్కను ముట్టనిచ్చేది కాదు. లేతగ ఉన్నప్పుడు కూర, పూసినంక బతుకమ్మ. పెసరపప్పు వేసి, ఎల్లిపాయ దంచి వండితే జొన్నరొట్టెకు ఇంకేం వద్దు. ఊళ్లో ఆడవాళ్లు తెలియని ఆకు ఏది దొరికినా అవ్వకు తెచ్చి చూపించేటోళ్లు. ఆమె నలిపి, వాసన చూసి, "ఇది తిను, ఇది పారెయ్" అని చెప్పేది. ఒక్క అక్షరం రాని మా అవ్వకు ఊరిలో ఉన్న మర్యాద అది.

ఆ వానకాలం నేను చేవెళ్లలో డిగ్రీ చదువుతున్న. పొద్దున బస్సుకు పోతుంటే ఫామ్‌హౌస్ పనోడు వీపుకు పంపు కట్టుకొని కంచె పొంటి మందు కొడుతున్నడు. మేనేజర్ వెనక నిలబడి, "అవతల గట్టు మీదియి కూడ కొట్టు, గెస్టులు వస్తున్నరు, పిచ్చిమొక్కలు కనబడొద్దు" అన్నడు. మా గట్టు! ఎవరిని అడిగి కొడుతున్నవని అనాలె కదా. అనలేదు. తల వంచుకొని పోయి, బస్సులో కూసొని, కోపమంత డైరీలో రాసిన. అదీ నా పౌరుషం.

ఆ మందు పడ్డ ఆకు ఆ రోజే వాడిపోదు, రెండు మూడు దినాలు పచ్చగనే ఉంటది. ఆ సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి అవ్వ మధ్యాహ్నం ఆ కూర తిని, వాంతులు చేసుకొని, గోడకు ఒరిగి ఉన్నది. చేవెళ్లలో ఒక దవాఖానకు తీసుకపోయినం. ఏం తిన్నదని డాక్టరమ్మ అడిగితే బాపు, "గునుగాకు మేడం. గడ్డీగాదం తినకే అంటే ఇంటదా?" అన్నడు. "పెద్దామె కదా, చూపు ఆనక ఇంకేదో ఆకు తెంపి ఉంటది" అన్నదామె. నేను గ్లూకోజు సీసా పక్కనే నిలబడి ఉన్న. చెప్తే, పొద్దుననే ఎందుకు చెప్పలేదంటరు. ఆ ఒక్క ప్రశ్నకు భయపడి నోరు తెరవలేదు.

అవ్వ రెండు దినాలకు కోలుకున్నది. ఆ లోపల బాపు కోపంతో గట్టంత కొడవలితో కోసి పారేసిండు. మందుకు ఆకు ఎండుడు ఎవరి కంటా పడలేదు. తప్పు గునుగు మీద పడ్డది, అవ్వ కండ్ల మీద పడ్డది. ఆడవాళ్లు ఆకులు పట్టుకొని వచ్చుడు మెల్లగ బందయింది. ఎవరన్న వచ్చినా అవ్వనే చెయ్యి వెనక్కి తీసుకునేది: "నా కండ్లకు ఏం తెల్వది బిడ్డా, ఇంకెవరినన్న అడుగు." మూడేండ్లు ఆ మాట విన్న. విషం కొట్టించినోడు ఇయ్యాల కుండీలకు నీళ్లు పోస్తున్నడు. ఏ తప్పూ చెయ్యని ముసలామె తన చూపును తాను తిట్టుకుంటున్నది. నడుమ నేను, అందమైన అక్షరాలతో డైరీ రాసుకుంట.

నిన్న చెప్పులతోనే ఇంట్లోకి పోయి, పాత డైరీ తీసి, అవ్వ ముందట కూసొని ఆ పేజీ చదివిన. ఆమె గోకరకాయలు తుంపుతున్నది. మందు కొట్టిన్రన్న మాట దగ్గర చేతులు ఆగినయి.

"అయితే నేను తెంపింది గునుగే?"

"గునుగే అవ్వా. నువ్వు తప్పు తెంపలేదు."

కొంగుతో మొహం తుడుచుకున్నది. ముందు మేనేజరును, వాని సారును, వాళ్ల గెస్టులను వరుసపెట్టి తిట్టింది. అందరూ అయినంక నా దిక్కు తిరిగింది. తిడుతదనుకున్న. గొంతు తగ్గించి అడిగింది:

"మూడు వానకాలాలు నోట్లె గునుగు కూర పెట్టకపోతి గదనే పిల్లా. నాకింక ఎన్ని వానకాలాలు మిగిలినయనుకున్నవ్?"