ఇరవై ఏడో నంబరు హాజరు

నమ్మితే నమ్మండి, లేదంటే నవ్వి ఊరుకోండి. మా అమ్మ మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇది నాకు జరిగింది. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే ఒళ్ళు మంట కూడాను. అయినా ఈ ఒక్కటీ... ఎవరికో ఒకరికి చెప్పకపోతే నిద్ర పట్టదు.

యాభైల చివరి మాట. గుంటూరుకు దిగువన, మిరప చేల మధ్య మా చిన్న కాలేజీ. హాస్టలంటే ఒకటే రేకుల షెడ్డు, నలభై చాపలు. కరెంటు లేదు. కిరసనాయిలు ఆదా అని తొమ్మిదికి దీపాలార్పించేవారు. పత్తి మిల్లు కూత వినపడగానే వార్డెన్‌గారు లాంతరు పట్టుకుని గుమ్మంలో నిలబడి నంబర్లు పిలిచేవారు. చీకట్లో ఎవరి చాప మీద వాళ్ళం పడుకునే "ఉన్నానండి" అనాలి. మొహాలు కనపడవు కదా. ఎవడైనా ఊళ్లోకి జారుకుంటే పక్క చాపవాడు గొంతు మార్చి వాడి నంబరుకి పలికేవాడు. పలకనివాడితో వారం రోజులు ఎవరూ మాట్లాడేవారు కాదు.

నా నంబరు ఇరవై ఎనిమిది. ఇరవై ఏడు దేవదానం. పల్లెటూరి బడిపంతులు కొడుకు. పద్యం ఎత్తుకున్నాడంటే పక్క ఊళ్ళవాళ్ళు కూడా పిలిచి పాడించుకునేవారు. మాట్లాడే ముందు చిన్నగా దగ్గడం వాడి అలవాటు. అప్పటికే రెండుసార్లు హాజరుకి లేక దొరికిపోయాడు. మూడోసారి దొరికితే పేరు కొట్టేస్తామన్నారు. పేరు కొట్టేస్తే తిండి పోతుంది, దాంతో చదువూ పోతుంది. అన్నీ తెలిసీ ఆ సాయంత్రం రెండు మైళ్ళ అవతల నాటకంలో పాడాలని బయల్దేరాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"నువ్వున్నావుగా, పలుకు," అన్నాడు నవ్వుతూ.

సరేనని మాటిచ్చాను.

మిల్లు కూసింది. కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు గాలిలో తేలి వస్తోంది. ఇరవై నాలుగు... పలికాడు. ఇరవై అయిదు... పలికాడు. ఒకడికి బదులు ఇంకొకడు పలికితే ఇద్దరి పేర్లూ కొట్టేస్తానని వార్డెన్‌గారు ఆ వారమే అన్నారు. మా ఇంట్లో నేనొక్కణ్ణే చదువుకుంటున్నవాణ్ణి.

ఇరవై ఆరు... పలికాడు.

"ఇరవై ఏడు."

నోరు తెరవలేదు. భయం. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒట్టి పిరికితనం.

ఒక క్షణం... రెండు క్షణాలు... లాంతరు కొంచెం కదిలింది.

అప్పుడు దగ్గు వినిపించింది.

చిన్న దగ్గు. నా పక్కనే. తర్వాత "ఉన్నానండి" అని.

వాడి గొంతే. కాకపోతే ఖాళీ కుండలో తల పెట్టి మాట్లాడినట్టుంది. మెల్లగా చెయ్యి చాపాను... చాప తగిలింది. మడత విప్పని దుప్పటి తగిలింది. ఇంకేమీ లేదు.

"ఇరవై ఎనిమిది," అన్నారు వార్డెన్‌గారు. నా నంబరు నాకే వినపడనట్టుంది. రెండోసారి పిలిచారు. మూడోసారి లాంతరెత్తి లోపలికి ఒకడుగు వేశారు. అప్పుడు పలికాను. ఆయన ఆగి, వెనక్కి తిరిగి, ఇరవై తొమ్మిది అన్నారు.

ఆయన వెళ్ళాక అటువైపు చాప మీద సాంబయ్య నా చెవిలో గుసగుసలాడాడు, అచ్చం వాడిలాగే దగ్గావే అని. నేను కాదన్నాను. వాడు నవ్వి అటు తిరిగి పడుకున్నాడు. నేను తెల్లవార్లూ దేవదానం చాపవైపు వీపు తిప్పలేదు.

పొద్దున్నే ఒక ఎడ్లబండి వచ్చింది. అందులో దేవదానం. అరచేతులు రెండూ చెక్కుకుపోయాయి. అడ్డదారిన చేలల్లో పడి వెళుతూ, చీకట్లో గట్టు లేని మోటబావిలో పడ్డాడట. రాతి సందులో వేళ్ళు దూర్చి వేలాడుతూ అరిచి అరిచి గొంతు పోయిందట. ఇక చేతులు వదిలేద్దామనుకున్నాడట.

బండి తోలుకొచ్చినవాడు కల్లం కాపలా ముసలాయన. "మిల్లు కూసిన కాసేపటికి బాబూ, బావిలోంచి ఉన్నానండీ అని ఇనపడింది. దయ్యమైతే అండీ అనదుగా అని తాడు తీసుకుని పరిగెత్తా," అన్నాడు.

అక్కణ్ణించి మా షెడ్డుకి మైలున్నర. వార్డెన్‌గారి కేక మా వంటపాకకే సరిగా వినపడదు. బావిలో రాళ్ళకు కొట్టుకున్న గొంతు మా దాకా వచ్చిందా? భయంలో నేనే పలికి మర్చిపోయానా? ఎన్నిసార్లు ఆలోచించినా తేలలేదు.

దేవదానం పేరు కొట్టెయ్యలేదు. నాటకం మాట ఎవరూ బయటపెట్టలేదు; వేకువనే చేలోకి వెళ్ళి పడ్డాడని చెప్పాం. వార్డెన్‌గారి పెద్ద పుస్తకంలో వాడు హాజరే.

వాడు మాత్రం ఆ పొద్దున నన్ను పక్కకి పిలిచి, బొంగురు గొంతుతో మెల్లగా అన్నాడు:

"నా నంబరు పిలవడం వినపడిందిరా. నువ్వు పలుకుతావని చూశా. పలకలా. అందుకని నేనే పలికా."

నన్ను తిట్టలేదు. ఆ తర్వాతా ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. నాకే ఇప్పటికీ, ఎక్కడైనా హాజరు పిలుస్తుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఆ రాత్రి నేను మాట నిలబెట్టుకుని వాడికి బదులు పలికి ఉంటే... ఆ ముసలాయనకి బావిలోంచి ఏం వినపడేది?