కొక్కేనికి మిగిలిన బిళ్ల

ఉద్యోగం మానేసి ఎంటెక్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు మా గోదావరిఖని క్వార్టర్లలో అందరూ నన్ను వింతగా చూశారు. చదివి కొలువు తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు గానీ, కొలువు వదిలి చదువుకు పోయినదాన్ని నేనొక్కదాన్నే. బొగ్గు బాయిలో పనిచేసే మా బాపు మాత్రం ఒకటే అడిగాడు: "రెండేండ్లు ఎక్కువ చదివితె ఏం ఎక్కువ తెలుస్తది బిడ్డా?" చూపిస్తా చూడు అని గొప్పలు పోయాను.

ఆ గొప్ప నిలబెట్టుకోవడానికే చివరి ఏడాది ప్రాజెక్టు బాపు పనిచేసే బాయి మీదే చేశాను. లోపలికి ఎందరు దిగారు, ఎందరు పైకి వచ్చారు అన్నది కంప్యూటర్‌లో చూపించే ప్రోగ్రాం. కాలేజీలో ప్రాజెక్టు చూసే మా మేడం ఒక నియమం పెట్టింది: కోడు రాసేముందు ఆ పని చేసేవాళ్ల పక్కన ఒక రోజంతా నిలబడి చూడాలి. నేను నిలబడలేదు. సైరను మోత విని ఎసరు పెట్టే ఇంట్లో పుట్టినదానికి షిఫ్టు గురించి చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పినట్టే అనుకున్నాను. చూసినట్టు రిపోర్టు మాత్రం రాసిచ్చాను.

ప్రోగ్రాం చూపించాల్సిన రోజు బాపుది పొద్దటి షిఫ్టు. తలకు పెట్టుకునే దీపాలిచ్చే ల్యాంపు రూంలో కంప్యూటర్ పెట్టాను. ఆ గదిని చూసుకునే పెద్దాయన్ని అందరం కాక అని పిలిచేవాళ్లం; చాలా ఏళ్లుగా అక్కడే ఉన్నాడు. దిగేవాడు తన నంబరున్న రేకు బిళ్ల ఇచ్చి దీపం తీసుకోవాలి. కాక ఆ బిళ్లను గోడ కొక్కేనికి వేలాడదీస్తాడు. పైకి వచ్చి దీపం ఇస్తేనే బిళ్ల తిరిగి చేతికొస్తుంది.

షిఫ్టు అయిపోయిన సైరను మోగింది. పైకి వచ్చినవాళ్లు వరసగా దీపాలిచ్చి పోయారు. అరగంటకు నా తెర మీద 'లోపల: సున్నా' అని పడింది. మురిసిపోతూ కాక వైపు తిరిగాను. ఆయన గోడ చూస్తున్నాడు. రెండు బిళ్లలు ఇంకా వేలాడుతున్నాయి. అందులో ఒకటి బాపుది.

షిఫ్టు అయిపోయిన అరగంటకు అందరూ వచ్చేసినట్టు లెక్కకట్టమని ప్రోగ్రాంకు చెప్పింది నేనే. సైరను మోగితే బాపు వచ్చేస్తాడన్న చిన్ననాటి నమ్మకాన్నే కోడుగా రాశాను.

"సైరను షిఫ్టుకు మోగుతది బిడ్డా, మనిషికి గాదు," అన్నాడు కాక. "దీపం నా చేతికి రావాలె."

అంటూనే ఫోనెత్తి లోపలికి మాట్లాడాడు. తోటి మనిషికి మోకాలు పట్టేసిందట, బాపు అతన్ని మెల్లగా నడిపించుకు వస్తున్నాడట. కాక బదులు డ్యూటీ చేసే మనిషి వచ్చినా, కాక కదల్లేదు. తన షిఫ్టు బిళ్లలన్నీ కొక్కేల నుంచి దిగేదాకా ఇంటికి పోడట, ఎన్నడూ పోలేదట. కొన్ని మేకులు, కాసిన్ని రేకుముక్కలు, ఒక మనిషి పట్టుదల. కరెంటు పోయినా తప్పని లెక్క. ఏ గుడిలోనూ నేనంత భక్తిగా నిలబడలేదు.

ప్రత్యేక రాష్ట్రం వచ్చేనాటికి హైదరాబాదులో నా కింద పదిమంది పనిచేస్తున్నారు. నాకు వచ్చిన పేరంతా మేడం నియమం పెట్టిన భిక్షే. దాన్ని నమ్మడం మాత్రం ఆ గోడ ముందు నేర్చుకున్నాను.

ఆ రోజు తోటి మనిషి దీపం ఇచ్చాక, బాపు తన దీపమిచ్చి, బిళ్ల తీసుకుని, తెర దిక్కు చూశాడు.

"నీ మిషిన్ల నేనెప్పుడచ్చిన బిడ్డా?"

అబద్ధానికి నోరు రాలేదు. గంట కిందనే వచ్చేశావని చెప్పాను. కాక చెప్పులు తొడుక్కుంటూ నా వైపు చూశాడు.

"రేపు జల్ది రా. నా పక్కన నిలబడు."

మర్నాడు సైరను కంటే ముందే వెళ్లాను.